మొదటి మాట ఎవరు విన్నారు

యమున గారి సంచిలో బొమ్మలుండవు. ఆవిడ మీద నాకు వచ్చిన మొదటి కోపం అదే. చంటిపిల్లల ఇళ్ళకు తిరగడమే ఉద్యోగమైన మనిషి, ప్రతి గురువారం వచ్చి గంటసేపు కూర్చునే మనిషి, ఒక్క గిలక్కాయ అయినా తేదు. ఒక గొడుగు, నీళ్ళ సీసా, పిల్లల వయసు ప్రకారం ప్రశ్నలు అచ్చువేసిన కార్డులు, ఒక పొడుగాటి నోటుపుస్తకం. ఇంతోటి దానికి చీపురుపల్లి నుంచి రాజాం దాకా బస్సెక్కి రావాలా అనుకున్నాను. అనుకుని ఊరుకునే రకాన్ని కాదు, అడిగేశాను.

"ఇంటినిండా ఉన్నాయి కదమ్మా," అంది ఆవిడ, మా అటక వైపు చూస్తూ.

మాది ధాన్యం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో బస్తాల గది. అటక మీద మా మావగారి కాలం నాటి ఇత్తడి కొలపాత్రలు పడి ఉన్నాయి. కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద. ఒకదాని కడుపులో ఒకటి పడుకుంటాయి. ఆవిడ వాటిని దించమంటే మా అత్తయ్య కూర్మమ్మకు నచ్చలేదు.

"అవి ఆయన సేతివి," అంది.

"మనవడి సేతికి కాపోతే ఎవరి సేతికిస్తారు పెద్దమ్మా?" అంది యమున గారు.

అత్తయ్య గొణుక్కుంటూనే నిచ్చెన చూపించింది. అలా మా వాడి ముందు ఐదు గిన్నెలూ, గుప్పెడు బియ్యమూ వచ్చి పడ్డాయి. వాడు సోలతో తీసి కుంచంలో పోసి, కుంచం వంచి నేల మీద పోసి, గంటసేపు తల ఎత్తలేదు. యమున గారు వాణ్ణి ముట్టుకోలేదు. వాడితో ఆడాల్సింది తను కాదట, నేనట. తను గోడకు ఆనుకుని కూర్చుని, నా చేతులు ఖాళీగా ఉన్నప్పుడల్లా నావైపు చూసేది. ఆ చూపుకు నాకు ఒళ్ళు మండేది.

నిజానికి ఆవిణ్ణి మా అత్తయ్య పోలియో చుక్కలు వేసే మనిషనుకుని లోపలికి రానిచ్చింది. లేకపోతే మా గడప తొక్కనిచ్చేదే కాదు. "పిల్లల్ని పెంచడం ఒకలు సెప్పాలేటి, ముగ్గుర్ని పెంచాను నాను," అంది, సంగతి తెలిశాక. "అందుకే వచ్చానమ్మా, మీకు తెలిసింది నాకూ సెప్తారని," అంది యమున గారు. ఎంత విదిలించినా వదిలే మనిషి కాదు.

పుట్టింది గజపతినగరం దగ్గర పల్లెలో. వాళ్ళ నాన్నకు రెండెకరాల మెట్ట, నువ్వులూ చోళ్ళూ. ఇంటరయ్యాక చీపురుపల్లిలో ఇచ్చారు. భర్త తిరుమలరావు స్టేషను దగ్గర మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఈవిడ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఇప్పుడు ఒక సేవా సంస్థలో ఉద్యోగం. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకు వెళ్ళి, పిల్లలతో ఆడడం, మాట్లాడడం తల్లిదండ్రులకు నేర్పాలి. నేర్పడం అనే మాట ఆవిడ ఒప్పుకోదు. గుర్తు చెయ్యడం అంటుంది.

ఆ నోటుపుస్తకంలో ముందు పేజీలు సంస్థవి. వెనక పేజీలు ఆవిడ సొంతం. ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ అడిగే మాట ఒకటుంది: మొదటి మాట ఏమిటి, ఎవరు విన్నారు? అది అక్కడ రాసుకుంటుంది. ఒకరోజు నాకు చూపించింది. "కాకి. విన్నది మేనత్త." "బస్సు. విన్నది సంతకు తీసుకెళ్ళిన తాత." "లేదు. విన్నది పాలవాడు." అలా పేజీల కొద్దీ ఉన్నాయి. చదువుతుంటే ఎక్కడెక్కడి వాకిళ్ళలోనో పిల్లలు ఒక్కొక్కరే నోరు తెరుస్తున్నట్టు ఉంది. మొట్టమొదటి వరసలో మాత్రం ప్రదీప్ అని పేరుంది, పక్కన ఖాళీ.

"మా వోడే. ఇప్పుడు ఇంటర్ సదువుతన్నాడు," అంది. "ఆడి మొదటి మాట నాను ఇన్లేదు. పిక్కల కాడ ఉన్నాను. మా అత్త ఇన్నాది. ఏటన్నాడో సెప్పకుండానే పోయింది పాపం."

ఆవిడ మీద నా కోపం సగం ఆ రోజు పోయింది.

మా వాడి పేరు జగన్నాధం. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. అది మా మావగారి పేరు. ఆయన పోయిన నాలుగు నెలలకు వీడు పుట్టాడు. పేరు పెట్టడం వరకు బాగానే ఉంది, పిలవాలంటేనే వచ్చింది చిక్కు. మొగుడి పేరు అత్తయ్య పలకకూడదు. మావగారి పేరు కోడల్ని నేను పలకకూడదు. కన్నతండ్రి పేరుతో ఒరే అని ఎలా పిలుస్తాననేవారు మా ఆయన విజయ్‌కుమార్. చివరికి ఎవరమూ ఏమీ పిలవలేదు. నాకు కావలసి వస్తే వెళ్ళి ఎత్తుకునేదాన్ని. పేరు అక్కర్లేకుండానే రోజు గడిచిపోతుంది, అదేం వింతో.

వాడికి ఇరవయ్యో నెల. ఇంకా ఒక్క మాట రాలేదు. ఆ గురువారం యమున గారు కార్డు తీసింది. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా అని అందులో ఒక ప్రశ్న. వాడు గోడవైపు తిరిగి గిద్దలో బియ్యం పోసుకుంటున్నాడు. ఆవిడ నాలుగడుగుల దూరంలో కూర్చుని, "జగన్నాధం," అంది. మా అత్తయ్య ఉలిక్కిపడి పైట భుజం మీదికి లాక్కుంది. నేను తల దించుకున్నాను. వాడు తిరగలేదు. మూడుసార్లు పిలిచింది. వాడు గిద్ద నింపుతూనే ఉన్నాడు.

ఆవిడ ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టింది. "కంగారు పడకండమ్మా. ఓసారి పెద్దాసుపత్రిలో సెవుల పరీక్ష సేయించండి," అంది.

ఆ చుక్క ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మా మావగారు వయసులో ఉండగా రైసుమిల్లులో పనిచేసి ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నారు. "ఆయన సెవులతోనే వచ్చాడు," అంది అత్తయ్య, ఏడవలేదు సరిగదా, ఎప్పటి నుంచో తెలిసిన సంగతి చెప్పినట్టు అంది. ధాన్యం కొనుగోళ్ళు అయ్యాక విశాఖపట్నం వెళ్దామన్నారు మా ఆయన. ఈలోగా వాడితో ఏదైనా మాట్లాడండి అంటే, "సెవిటోడి ముందు శంఖం ఊదమంటావేటి?" అన్నారు. కన్నకొడుకును పట్టుకుని అన్న మాట. ఇప్పటికీ తలుచుకుంటే ఆ నోటి మీద ఒకటి వేద్దామనిపిస్తుంది. కానీ నేను మాత్రం ఏం చేశాను? అంతకుముందు తక్కువ మాట్లాడేదాన్ని, ఆ తర్వాత మానేశాను. వేలు చూపించేదాన్ని, తల ఊపేదాన్ని. పిల్లవాడు మా మొహాలు చూస్తూ తిరిగేవాడు.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. రెండింటికి కొట్టు తలుపులు దగ్గరగా వేసేవారు. బస్తాల గదిలోంచి ఊక వాసన మెల్లగా నడిచి వచ్చేది. పెంకుల సందులోంచి దిగిన ఎండలో దుమ్ము తేలుతూ ఉండేది, పైకీ పోదు, కిందికీ రాదు. రోడ్డు మీద బస్సు హారను ఎక్కడో పక్క ఊళ్ళో మోగినట్టుండేది. నాకు మత్తుగా కళ్ళు మూతలు పడేవి. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ వేళ రోజూ ఒకటే కల. అత్తయ్య గొంతు, ఎప్పుడూ వినని మెత్తని గొంతు, "ఏవండీ, రండి. పెరుగన్నం కలిపాను," అంటుంది. బస్తాల గదిలోంచి మువ్వల చప్పుడు మొదలవుతుంది. మా మావగారు తెల్ల పంచె కట్టుకుని, కాళ్ళకు మా వాడి మువ్వలు పెట్టుకుని, ఆ ఎండలోంచి నడిచి వస్తారు. నాకు భయం వెయ్యదు. ఆయన వెళ్ళి వంటింటి గడప మీద కూర్చుంటారు. లేచి చూస్తే ఏమీ ఉండదు, అత్తయ్య చేట పట్టుకుని బియ్యం బాగుచేసుకుంటూ ఉంటుంది.

నవ్వుతాలుకు ఈ కల యమున గారికి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. రాస్తున్న పెన్ను ఆపింది.

"ఎన్ని గంటలకమ్మా ఆ కల?"

"రెండు దాటాక."

"రేపొస్తాను," అంది.

మర్నాడు శుక్రవారం. దొడ్డిదారిన చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చి, నా పక్కన చాప మీద పడుకుంది. ఏమిటీ దొంగవేషాలని విసుక్కున్నాను. ఆవిడ కళ్ళు మూసుకోమని సైగ చేసింది. ఇద్దరం అలా పడుకున్నాం. ఫ్యాను తిరుగుతోంది. ఊక వాసన వచ్చింది. కల కూడా వస్తుందనే అనుకున్నాను.

"ఏవండీ," అని వినిపించింది వంటింట్లోంచి. "రండి. పెరుగన్నం కలిపాను. ఆ దుమ్ములో కూకోకండి, దగ్గొస్తాది."

నేను కళ్ళు తెరిచే ఉన్నాను. బస్తాల గదిలో, అటువైపు గోడకు తిరిగి కూర్చున్న మా వాడు చేతిలో గిద్ద కింద పెట్టాడు. లేచాడు. మా ఇద్దరి పక్కనుంచే మువ్వలు మోగించుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. రెండు గదుల అవతల నుంచి, గట్టిగా కూడా కాదు, మామూలుగా పిలిస్తే వెళ్ళాడు.

యమున గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి జారుతున్నాయి. "ఇంటన్నాడమ్మా గుంటడు. సక్కగా ఇంటన్నాడు," అంది.

నాకు వంటింటి దాకా పరుగెత్తి వాణ్ణి ఎత్తుకోవాలనిపించింది. అంతకంటే ముందు ఆవిడే లేచి వెళ్ళిపోయింది. ఆగే మనిషా? అత్తయ్య ఒళ్ళో వాడు, చేతిలో ముద్ద. యమున గారు గుమ్మం దగ్గరే కూలబడి, "తప్పు నాది పెద్దమ్మా. ఎవలూ పలకని పేరు పెట్టి పిలిసి, పలకలేదని ఎర్ర సుక్క ఎట్టేశాను. మీరు పిలిస్తే వస్తన్నాడు. ఆడి పేరు ఆడికి తెలీదు, అంతే," అంది.

అత్తయ్య మొహం ఎర్రబడింది. నలుగురిలో పైట జారినట్టు ఒదిగిపోయింది.

"దొంగసాటుగా ఇంటారేటి మీరు?" అంది ముందు. తర్వాత గొంతు తగ్గింది. "నా గొంతొక్కటే ఇనిపిస్తాది ఆయనకి. ఆకరి ఐదేళ్ళూ అంతే. డాక్టరు బాబు మాట ఇనపడలేదు, కొడుకు మాట ఇనపడలేదు. నానంటే తిరిగేవోరు. మల్లీ నా కోసరమే వచ్చారు. మీకేటి తెలుస్తాది?"

"అత్తయ్యా, వీడు..." అన్నాను నేను.

"నువ్వూరుకో," అని నన్ను కసిరి, "నువ్వెల్లిపోమ్మా. ఇంక రాకు," అంది యమున గారితో.

మర్నాటి నుంచి వంటింట్లో ఆ పిలుపు లేదు. అత్తయ్యకు సిగ్గు కమ్మేసింది. పిల్లవాడి వైపు చూడడం మానేసింది, ముద్ద నన్నే పెట్టమంది. రెండింటికి వాడు తనంతట తనే వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడేవాడు. ఎవరూ పిలవరు. చాలాసేపు నిలబడి, మళ్ళీ బస్తాల గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఆ మువ్వల చప్పుడు వస్తుంటే ఒకలా, పోతుంటే ఒకలా ఉండేది. నాకిక మధ్యాహ్నాలు నిద్ర పట్టేది కాదు.

కొనుగోళ్ళు అవకుండానే నేను పోరు పెట్టి విశాఖపట్నం తీసుకెళ్ళాను. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు డాక్టరు గారు. ఇంట్లో పిల్లవాడితో ఎవరు మాట్లాడతారని అడిగారు. మా ఆయన నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను. మింగలేక కక్కలేక బయటికొచ్చాం.

గురువారం యమున గారు రానే వచ్చింది. లోపలికి రావద్దన్నారని కొట్టు అరుగు మీద కూర్చుంది. నేను కడుపులో ఉన్నదంతా అక్కడే కక్కేశాను. అందరూ మంచివాళ్ళే, పిల్లవాడి నోరు మాత్రం మూసుకుపోతోంది, రెండేళ్ళు దాటితే ఇంకెప్పుడు మాట్లాడతాడు, మీరు వచ్చి ఉద్ధరించింది ఇదా అన్నాను. ఆవిడ అంతా విన్నది.

"నిజమేనమ్మా," అంది. "తప్పు మీద తప్పు సేశాను. ఈ ఇంట్లో ఆడితో మాటాడే మనిసి ఒక్కలే. ఆ నోరు కూడా నానే మూయించేశాను. ఆవిడ ఏవండీ అంటే ఏటి, మావా అంటే ఏటి, మాట కదా. పిల్లలకి మాట కావాలి. ఆవిడకొచ్చినట్టు ఆవిడ్ని పిలవనివ్వాల్సింది." నావైపు తిరిగి, "మరి మీకు నోరు లేదేటమ్మా?" అంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటున్నారు, అత్తయ్య వడ్డిస్తోంది. నేను గుమ్మంలో నిలబడి, "జగన్నాధం, ఇలా రా నాన్నా," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. పైకప్పు కూలలేదు. వాడు రాలేదు. వెళ్ళి వాడి ముందు కూర్చుని, వాడి గుండె మీద చెయ్యి వేసి, "నువ్వే జగన్నాధం. ఇది జగన్నాధం చెయ్యి. ఇది జగన్నాధం గిద్ద," అన్నాను. ఆ రాత్రి అత్తయ్య నాతో మాట్లాడలేదు. మూడో రోజుకు మా ఆయన కూడా "ఒరే జగన్నా" అనడం మొదలుపెట్టారు, మొదట్లో తండ్రి ఫోటో ఉన్న గదిలో కాకుండా చూసుకుని. ఆరో రోజుకు వాడు తిరిగాడు. తిరిగి, ఎవరినో పిలిచారన్నట్టు తన వెనక్కి చూసుకున్నాడు.

కానీ మాట రాలేదు. రెండింటికి వంటింటి గడప దగ్గర నిలబడడమూ మానలేదు.

తర్వాతి గురువారం యమున గారిని నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. బస్సు ఆలస్యమై మధ్యాహ్నానికి చేరింది. అత్తయ్య ఆవిణ్ణి చూసి, చూడనట్టు వెనక వసారాలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి చేట ముందేసుకుంది. మేం గిన్నెలు పరిచాం. కుంచం, మానిక, తవ్వ, సోల. ఒక్కోదాని పేరూ నేను చెప్పుకుంటూ బియ్యం పోస్తున్నాను. గిద్ద కనబడలేదు. వెతికితే అది అత్తయ్య చేటలో ఉంది. చెయ్యి ఊరికే ఉండక దాంతో బియ్యం కొలుచుకుంటోంది. ఎండ వసారాలోకి వంగింది. చేట చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాడు లేచాడు. మువ్వలు మోగించుకుంటూ వెళ్ళి అత్తయ్య వెనక నిలబడ్డాడు. ఆవిడకు తెలుసు. చేట చప్పుడు తగ్గింది, తల మాత్రం తిప్పలేదు. వాడు కొంగు లాగాడు. తిప్పలేదు. యమున గారు నా మోకాలి మీద చెయ్యి వేసి కదలొద్దంది.

"ఏవండీ," అన్నాడు వాడు.

ముద్దగా, ఒక అక్షరం మింగేసి, కానీ అదే మాట. అత్తయ్య గిర్రున తిరిగింది. చేటలో బియ్యం చెదిరాయి. వాడు చెయ్యి చాచి, "ఏవండీ," అన్నాడు మళ్ళీ, గిద్ద ఇమ్మని.

ఎంతసేపు అలా చూసుకున్నారో ఇద్దరూ. నాకు అదంతా ఎండలో తేలినట్టే గుర్తుంది. తర్వాత అత్తయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నలభై రెండేల్లు కాపరం సేశానే," అంది, మా ఇద్దరిలో ఎవరితోనో తెలియకుండా. "ఒసే అన్నారు, ఏయ్ అన్నారు, ఇదిగో అన్నారు. ఒక్కనాడు ఏవండీ అన్న పాపాన పోలేదు." కొంగుతో మొహం ఒత్తుకుంది. "ఈడు ఆయన కాదే. ఆయన పోయారు."

ఆయన పోయిన రోజున కూడా ఆవిడ ఆ మాట అనలేదు. నాకు దుఃఖం ఆగలేదు. యమున గారు అప్పటికే నోటుపుస్తకం వెనక నుంచి తెరిచింది. ఆవిడ రాస్తుంటే నేను పక్కనుంచి చూశాను. "ఏవండీ. విన్నది నాయనమ్మ." ఎర్ర పెన్నుతో కాదు.

అత్తయ్య గిద్ద తీసి చూసుకుంది, పైటతో తుడిచింది. వాడు అప్పటికే ఓపిక లేక మావైపు వచ్చేస్తున్నాడు.

"ఒరే జగన్నాధం," అంది. "గిద్ద పట్టుకెల్లు."

వాడు వెనక్కి తిరిగాడు.